కొత్త ప్లేయర్ ఈ ఏడాదికా, నాలుగేళ్ళకా? సైనింగులను పోల్చి చూసే పద్ధతి

ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్బులు ప్లేయర్లని కొనుక్కునే గడువు) మూసిన మర్నాటి నుంచి మద్దిలపాలెం టీ కొట్టు దగ్గరైనా, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గరైనా మన ఫుట్‌బాల్ బ్యాచ్‌లో నడిచే గొడవ ఒకటే. "కొత్తోడు ఎలా ఉంటాడంటావ్ గురూ?" అని ఒకడు అడుగుతాడు. "తోపు" అని ఒకడంటే, "బూడిదలో పోసిన పన్నీరు" అని ఇంకొకడంటాడు. గంటసేపు గొంతు చించుకున్నాక తేలేది ఏమిటంటే, ఒకడు వచ్చే మే నెల గురించి మాట్లాడుతున్నాడు, రెండోవాడు నాలుగేళ్ళ తర్వాతి సంగతి మాట్లాడుతున్నాడు. ఇద్దరూ కరెక్టే కావచ్చు.

కాబట్టి ముందు ఫోన్లో ఒక నోట్ తెరిచి ప్లేయర్ పేరు కింద రెండు గళ్ళు పెట్టుకోండి. ఒకటి 'ఈ మే', రెండోది 'నాలుగో మే'. యూరప్ సీజన్ మేలో ముగుస్తుంది కాబట్టి ఆ పేర్లు, మీకు నచ్చిన పేరు మీరు పెట్టుకోండి. రెండింటికీ విడివిడిగా పదికి మార్కులు వెయ్యండి, కలిపి సగటు మాత్రం తియ్యకండి. 9, 3 వచ్చినవాడికీ 6, 6 వచ్చినవాడికీ సగటు ఒక్కటే, కానీ టైటిల్‌కి రెండడుగుల దూరంలో ఉన్న క్లబ్‌కి మొదటివాడు కావాలి, జట్టుని కొత్తగా కట్టుకుంటున్న క్లబ్‌కి రెండోవాడు కావాలి. సగటు తీస్తే ఆ తేడా మాయమైపోతుంది.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. 'ఈ మే' మార్కు ప్లేయర్ టాలెంట్ కన్నా ఎక్కువగా అతన్ని కొన్న క్లబ్ మీద ఆధారపడుతుంది. 'నాలుగో మే' మార్కు అతని ఒంటి మీద, అతను సంతకం పెట్టిన కాగితం మీద ఆధారపడుతుంది. మనవాళ్ళు సరిగ్గా తిరగేసి చేస్తారు. టాలెంట్ చూసి ఈ సీజన్ జాతకం చెప్తారు, మొదటి ఐదు మ్యాచ్‌లు చూసి ఐదేళ్ళ తీర్పు ఇచ్చేస్తారు.

ఈ సీజన్ లెక్క

మొదట అడగాల్సింది: వచ్చేవాడికి ఖాళీ ఉందా? ఎవరి స్థానంలో ఆడతాడు, ఆ ఉన్నవాడు బెంచ్ మీదికి వెళ్తాడా, లేక కోచ్‌కి అతనే ప్రాణమా? 2018 జనవరిలో లివర్‌పూల్ 7.5 కోట్ల పౌండ్లు పెట్టి వాన్ డైక్‌ని తెచ్చినప్పుడు డిఫెన్స్ మధ్యలో ఖాళీ గుడ్డివాడికైనా కనిపించేది. పైగా అతను వచ్చింది సౌతాంప్టన్ నుంచి, అంటే అదే లీగ్, అదే భాష, అవే రిఫరీలు, అదే డిసెంబర్ చలి. 26 ఏళ్ళు. ఇలాంటివాడికి 'ఈ మే' గడిలో 9 వెయ్యడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అదే ఏడాది వేసవిలో అదే లివర్‌పూల్‌కి, కోచ్ క్లాప్ దగ్గరికి, మొనాకో నుంచి ఫాబిన్యో వచ్చాడు. మంచి ప్లేయరే, కానీ క్లాప్ ఆటలో మిడ్‌ఫీల్డర్ ఎప్పుడు ముందుకి దూకాలో, ఎప్పుడు ఆగాలో నేర్చుకునేదాకా లీగ్‌లో మొదటి పదకొండు మందిలో చోటు దొరకలేదు, అక్టోబర్ చివరిదాకా ఆగాల్సి వచ్చింది. ఆ రెండు నెలల్లో 'దండగ' అన్నవాళ్ళు చాలామందే. తర్వాత ఏడాది చాంపియన్స్ లీగ్, ఆ తర్వాత ప్రీమియర్ లీగ్, రెండు కప్పుల్లోనూ అతను ఉన్నాడు.

రాబర్ట్‌సన్ కథ ఇంకా బాగుంటుంది. 2017లో రెలిగేట్ అయి కింది డివిజన్‌కి పడిపోయిన హల్ సిటీ నుంచి లివర్‌పూల్‌కే దాదాపు 80 లక్షల పౌండ్లకే వచ్చాడు. డిసెంబర్ దాకా బెంచే. లెఫ్ట్ బ్యాక్‌లో ఉన్న మోరెనోకి గాయమయ్యాక గానీ వరసగా ఆడలేదు, ఆడాక ఏళ్ళ తరబడి బయటికి రాలేదు. ఆగస్టులో మార్కులు వేసేవాడికి మోరెనో గాయం ఎలా తెలుస్తుంది? తెలియదు. కాబట్టి 'ఈ మే' గడిలో 4 వేసుకోవడం తప్పు కాదు, ఆ 4ని తెచ్చి 'నాలుగో మే' గడిలో కూడా పెట్టడమే తప్పు.

రెండోది ప్రీ సీజన్, అంటే సీజన్‌కి ముందు జరిగే ట్రైనింగ్. జూలై మొదటి వారంలో సంతకం పెట్టి జట్టుతో కలిసి పరిగెత్తినవాడు వేరు, విండో చివరి రోజు రాత్రి పదకొండింటికి సంతకం పెట్టినవాడు వేరు. ట్రాన్స్‌ఫర్ కోసం పాత క్లబ్‌తో గొడవపడి విడిగా ట్రైనింగ్ చేసుకున్నవాడైతే ఇంకా కష్టం. ఇలాంటివాళ్ళకి నేను డిసెంబర్ దాకా మార్కే వెయ్యను. వేసవిలో వరల్డ్ కప్పో కోపా అమెరికానో ఆడి మూడు వారాల సెలవుతో వచ్చినవాళ్ళదీ కొంచెం ఇదే బాపతు, సెప్టెంబర్‌లో బాగానే ఉంటారు, ఫిబ్రవరిలో కాళ్ళు లాగేస్తాయి. ఆఫ్రికా దేశాల ప్లేయర్లకైతే ఆఫ్రికా కప్ ఏ నెలలో పడుతుందో చూడండి, సీజన్ మధ్యలో పడితే నెల రోజులు ఉండడు.

మూడోది, పాత క్లబ్‌లో చేసిన పనే ఇక్కడా చెయ్యమంటున్నారా? కౌంటర్ ఎటాక్‌లో ఖాళీ మైదానం మీద పరిగెత్తి గోల్స్ కొట్టిన వింగర్‌ని, ప్రత్యర్థులు పదిమందీ బాక్స్ ముందు కాపు కాసే పెద్ద క్లబ్ కొంటే, అతను నేర్చుకున్న విద్యకి ఇక్కడ చోటే ఉండదు. పేపర్లో గోల్స్ సంఖ్య చూసేవాళ్ళకి ఇది కనపడదు.

ఇక 'ఈ మే' కోసమే కొన్నవాళ్ళు కొందరుంటారు, వాళ్ళని అలాగే చూడాలి. 2007 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్ 35 ఏళ్ళ హెన్రిక్ లార్సన్‌ని స్వీడన్ లీగ్ సెలవుల్లో ఉన్న ఆ కాసిన్ని వారాలకి లోన్ మీద, అంటే అరువుకి, తెచ్చుకుంది. 13 మ్యాచ్‌లు, 3 గోల్స్, మార్చిలో తిరిగి ఇంటికి. గోల్స్ తక్కువే, కానీ రూనీకీ రొనాల్డోకీ నడి సీజన్‌లో భారం తగ్గింది, ఆ ఏడాది టైటిల్ వాళ్ళదే. అలాగే 2012లో ఆర్సెనల్ నుంచి యునైటెడ్‌కే వచ్చిన వాన్ పెర్సీకి 29 ఏళ్ళు. మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 26 గోల్స్, టైటిల్, కోచ్ ఫెర్గుసన్ రిటైర్మెంట్. తర్వాత రెండు సీజన్లలో గాయాలు, తగ్గిన గోల్స్, 2015లో టర్కీకి ప్రయాణం. దీన్ని ఫెయిల్యూర్ అనేవాడితో నాకు పేచీ ఉంది. క్లబ్ కొన్నదే ఒక్క మే నెలని, అది చేతికి వచ్చింది.

గోల్స్ లెక్క వేసేముందు

'పోయినేడు 12 గోల్స్ కొట్టాడు' అని ఎవడైనా అంటే రెండు ప్రశ్నలు వెయ్యండి: అందులో పెనాల్టీలు ఎన్ని, ఎన్ని నిమిషాలు ఆడాడు? ఉదాహరణకి 12లో 5 పెనాల్టీలు, ఆడింది 2,100 నిమిషాలు అనుకుందాం. 2,100ని 90తో భాగిస్తే 23.3 పూర్తి మ్యాచ్‌లు. పెనాల్టీలు కలిపితే మ్యాచ్‌కి 0.51 గోల్, తీసేస్తే 0.3. కొత్త క్లబ్‌లో పెనాల్టీలు కొట్టేవాడు ఆల్రెడీ ఉంటే ఈ 0.3 మాత్రమే మీ చేతికి వచ్చేది. ఇంకొకడు 9 గోల్స్, పెనాల్టీలు లేవు, 1,350 నిమిషాలు. అంటే 15 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి 0.6. రెండింతలు మెరుగు. కాకపోతే ఇతనికి నిమిషాలు ఎందుకు తక్కువయ్యాయో చూడాలి. కోచ్ నమ్మకపోవడం వల్లా, గాయాల వల్లా, చివరి అరగంటలో అలిసిపోయిన డిఫెండర్ల మీదికి దింపడం వల్లా? మూడు కారణాలకీ మూడు వేరే మార్కులు. ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ అనే వెబ్‌సైట్‌లో ఒక్కో ప్లేయర్ పేజీలో గాయాల చరిత్ర, ఆడిన నిమిషాలు, కాంట్రాక్ట్ ముగిసే తేదీ ఉంటాయి, పది నిమిషాల పని. యూట్యూబ్ క్లిప్పులు చూసి మాత్రం నిర్ణయానికి రాకండి, ఆ క్లిప్పుల్లో నేను కూడా మెస్సీలాగే కనిపిస్తాను.

మ్యాచ్ చూసేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్తాను. శనివారం మధ్యాహ్నం ఇంగ్లండ్ మ్యాచ్‌లు మనకి రాత్రి 7:30కి, చలికాలంలో 8:30కి పడతాయి, కళ్ళు తెరిచి చూడగలిగే టైమ్ అది. చాంపియన్స్ లీగ్ చలికాలంలో రాత్రి 1:30కి మొదలవుతుంది, అది చూసి మార్నింగ్ షిఫ్ట్‌కి గాజువాక బస్సెక్కేవాళ్ళు నిద్రమత్తులో ఇచ్చే తీర్పులు లెక్కలోకి తీసుకోకండి. శనివారం మ్యాచ్‌లో మొదటి పావుగంట బంతిని వదిలేసి కొత్త ప్లేయర్నే చూడండి. అతను ఖాళీలోకి పరిగెత్తి చెయ్యి పైకెత్తుతాడు చూశారా, ఆ చెయ్యి ఎత్తిన ఎన్నిసార్లు బంతి వచ్చిందో లెక్కపెట్టండి. పదిసార్లు ఎత్తితే రెండుసార్లే వచ్చిందంటే అతను ఆడట్లేదని కాదు, పక్కవాళ్ళకి అతని పరుగు ఇంకా అలవాటు కాలేదని. ఇది నెలల్లో సర్దుకునే జబ్బు. చెయ్యే ఎత్తట్లేదు, డిఫెండర్ వెనకాలే నిలబడుతున్నాడు అంటే అది వేరే జబ్బు, భయపడాల్సింది దానికి. తర్వాత బంతి పోగొట్టుకున్నాక మొదటి మూడడుగులు ఏ వైపు వేశాడో చూడండి, 70వ నిమిషంలో కూడా అదే వేగంతో వేశాడా చూడండి. గోల్ కొట్టాడా లేదా అన్నది మర్నాడు ఎవరైనా చెప్తారు.

నాలుగో మే

ఇక్కడ మొదటి పాయింట్ వయసు, కానీ పాస్‌పోర్ట్ మీద ఉన్న వయసు కాదు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఏ ఏడాది మోడల్ అని అడిగి ఊరుకోం కదా, మీటర్ మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తాం. 17 ఏళ్ళకే ఫస్ట్ టీమ్‌లో వారానికి రెండు మ్యాచ్‌లు ఆడినవాడికి 28 వచ్చేసరికి కాళ్ళకి 32. మైకేల్ ఓవెన్ కెరీర్ చూడండి, 1997లో 17 ఏళ్ళకి మొదలుపెట్టాడు, 2005లో న్యూకాజిల్ కొనేనాటికి అతనికి పాతికేళ్ళే, కానీ ఆ డిసెంబర్‌లో పాదం ఎముక విరిగింది, ఆర్నెల్లకి వరల్డ్ కప్‌లో మోకాలు పోయింది.

చెల్సీ వింగర్ హజార్డ్ అయితే ఈ గడికి పాఠ్యపుస్తకం లాంటి కేసు. 2019లో రియల్ మాడ్రిడ్ దాదాపు 10 కోట్ల యూరోలు పెట్టింది. అప్పటికి 28 ఏళ్ళు, చెల్సీతో కాంట్రాక్ట్ ఇంకో ఏడాదే మిగిలింది. అంతకు ముందు సీజన్‌లో లీగ్‌లో 16 గోల్స్, 15 అసిస్ట్‌లు. ఎవరైనా కొంటారు. కానీ చెల్సీకే అతను 352 మ్యాచ్‌లు ఆడి ఉన్నాడు, అంతకు ముందు లీల్‌లో టీనేజ్ నుంచీ ఆడాడు, ప్రతి మ్యాచ్‌లో డిఫెండర్లు అతని చీలమండల మీదే పడేవారు. మాడ్రిడ్‌లో నాలుగేళ్ళలో 76 మ్యాచ్‌లు, 7 గోల్స్. కాంట్రాక్ట్‌లో ఏడాది ఉండగానే విడిపోయి, 2023 అక్టోబర్‌లో 32 ఏళ్ళకి ఆటే మానేశాడు.

ఇప్పుడు అదే క్లబ్‌లో వింగర్ వినీషియస్ (విని) జూనియర్. 2017లో అతనికి 16 ఏళ్ళప్పుడే 4.5 కోట్ల యూరోలకి ఒప్పందం, 18 నిండాక 2018లో వచ్చాడు. మొదటి మూడు సీజన్లూ కలిపి లా లిగాలో 8 గోల్స్. గోల్ ముందు అతని తడబాటు మీద జోకులే జోకులు. కానీ ఆ మూడేళ్ళూ ఒక్కటి కనపడేది: డిఫెండర్ని దాటుకుని గోల్ ముందుకి ప్రతి మ్యాచ్‌లో చేరేవాడు. అక్కడికి చేరడం ఎవరూ నేర్పలేరు, చేరాక బంతిని లోపలికి తొయ్యడం కొంతవరకు నేర్చుకోవచ్చు. 2021-22లో లీగ్‌లో 17 గోల్స్, లివర్‌పూల్ మీద చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఏకైక గోల్ అతనిదే. కుర్రాళ్ళకి 'నాలుగో మే' మార్కు వేసేటప్పుడు ఇదే చూడండి, మంచి పొజిషన్‌లోకి మళ్ళీ మళ్ళీ వస్తున్నాడా లేదా. ఫినిషింగ్ తర్వాతి సంగతి.

పొజిషన్ బట్టి కూడా లెక్క మారుతుంది. వేగం మీద బతికే వింగర్‌కి 29 దాటితే నేను 'నాలుగో మే' గడిలో 4 మించి వెయ్యను. సెంటర్ బ్యాక్‌కీ గోల్ కీపర్‌కీ అంత కఠినంగా ఉండక్కర్లేదు. సెంటర్ బ్యాక్ తియాగో సిల్వా 2020లో 35 ఏళ్ళకి ఫ్రీగా (పాత కాంట్రాక్ట్ ముగిసి, ధర లేకుండా) చెల్సీకి వచ్చాడు, మొదట ఏడాది కాంట్రాక్టే. వెస్ట్ బ్రామ్ మీద లీగ్‌లో తొలి మ్యాచ్‌లోనే బంతి కాలి కింద నుంచి జారిపోయి గోల్ తిన్నాడు, ఆ మ్యాచ్ 3-3. 'ముసలోడిని తెచ్చారు' అన్నారు. తర్వాతి మేలో చాంపియన్స్ లీగ్ గెలిచాడు, 2024 దాకా ఆడాడు.

కాగితం సంగతి. కొన్న ధరని క్లబ్ పద్దుల్లో ఒకేసారి రాయరు, కాంట్రాక్ట్ ఎన్నేళ్ళయితే అన్నేళ్ళకి పంచుతారు. 10 కోట్లకి ఐదేళ్ళ కాంట్రాక్ట్ అంటే ఏడాదికి 2 కోట్లు. రెండేళ్ళు గడిచాక పద్దులో అతని విలువ 6 కోట్లు, అప్పుడు 5 కోట్లకి అమ్మితే కోటి నష్టం చూపించాలి. అందుకే ఆడని ప్లేయర్ని కూడా క్లబ్బులు వెంటనే వదిలించుకోలేవు, లోన్ మీద అటూ ఇటూ పంపుతాయి. 2023 జనవరిలో చెల్సీ ఎంజో ఫెర్నాండెజ్‌కి ఎనిమిదిన్నరేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చింది ఈ లెక్క కోసమే, 10.68 కోట్ల పౌండ్లు ఐదేళ్ళకి పంచితే ఏడాదికి 2 కోట్ల పైన పడేది, ఎనిమిదిన్నరకి పంచితే కోటీ పాతిక లక్షలే. ఆ వేసవి నుంచి యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుఎఫా, డిసెంబర్‌లో ప్రీమియర్ లీగ్, ఇకమీదట ఎన్నేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చినా పద్దులో ఐదేళ్ళకే పంచాలని రూలు పెట్టాయి. మన పనికి కావలసింది ఇంతే: కాంట్రాక్ట్ ముగిసేనాటికి అతని వయసెంత, ఆ జీతం ఇంకెవరైనా ఇస్తారా? ఇవ్వరనుకుంటే ఒక రెండు మార్కులు తీసెయ్యండి. జీతం ఎక్కువైనవాడు ఆట తగ్గినా కదలడు, అతని తప్పు కూడా కాదు, మీరైనా కదలరు.

ఒక్క విండో, నలుగురు మనుషులు

మాటలు చాలు, ఒక కేసు మొత్తం వేసి చూద్దాం. 2022 వేసవి, మాంచెస్టర్ యునైటెడ్, కొత్త కోచ్ టెన్ హాగ్, నెదర్లాండ్స్ క్లబ్ ఏయాక్స్‌కి కోచ్‌గా చేసి వచ్చినవాడు. ఏయాక్స్ నుంచి లిసాండ్రో మార్టినెజ్, 24 ఏళ్ళు. ఏయాక్స్ నుంచే ఆంటొనీ, 22 ఏళ్ళు, 9.5 కోట్ల యూరోలు. రియల్ మాడ్రిడ్ నుంచి కాసెమీరో, 30 ఏళ్ళు, సుమారు 6 కోట్ల పౌండ్లు, పైన బోనస్‌లు. ఫ్రీగా ఎరిక్సన్, 30 ఏళ్ళు, మూడేళ్ళ కాంట్రాక్ట్.

ఆగస్టు 13న బ్రెంట్‌ఫర్డ్‌లో 35 నిమిషాల్లో 4 గోల్స్ తిన్నారు. ఐదడుగుల తొమ్మిదంగుళాల మార్టినెజ్‌ని హాఫ్ టైమ్‌లో తీసేశారు. 'ఈ హైట్‌తో సెంటర్ బ్యాకా' అని ఊరంతా నవ్వింది. మన పద్ధతిలో చూస్తే? ఖాళీ ఉంది, కోచ్‌కి తెలిసినవాడు, అదే పని చెయ్యమంటున్నారు. 'ఈ మే' గడిలో 7 తగ్గకూడదు, ఒక్క సాయంత్రం చూసి అది మార్చక్కర్లేదు. డిసెంబర్‌కి వరల్డ్ కప్ గెలిచాడు, అప్పటికే జట్టులో అతను లేకపోతే కష్టం అనే స్థితి. 'నాలుగో మే' మాత్రం వేరే కథ, 2023 ఏప్రిల్‌లో పాదం, 2025 ఫిబ్రవరిలో మోకాలు. శరీరాన్ని స్ట్రైకర్ల మీదికి విసిరే ఆట ఇది, గాయాలకి ముందే ఒక మార్కు తగ్గించి ఉంచుకోవాలి.

ఆంటొనీ దీనికి పూర్తిగా ఉల్టా. ఆర్సెనల్, సిటీ, ఎవర్టన్, లీగ్‌లో ఆడిన మొదటి మూడు మ్యాచ్‌ల్లోనూ గోల్. ఆ రోజు ఓటింగ్ పెడితే తొంభై శాతం మంది 'ఐదేళ్ళూ ఇతనిదే' అనేవారు. సీజన్ ముగిసేసరికి లీగ్ గోల్స్ మొత్తం 4, తర్వాతి సీజన్‌లో 1. ఎప్పుడూ కుడి వైపు నుంచి ఎడమ కాలి మీదికి తిరుగుతాడని డిఫెండర్లకి తెలిసిపోయాక ఇంకో దారి లేకపోయింది. 2025 జనవరిలో స్పెయిన్ క్లబ్ బెటిస్‌కి లోన్, సెప్టెంబర్‌లో అక్కడికే అమ్మకం. అక్కడ బాగా ఆడాడు, అదీ గమనించాలి: ధర బరువు దిగి, ఆట నప్పిన చోట అదే మనిషి వేరేగా కనిపించాడు.

కాసెమీరో లీగ్‌లో మొదటి పదకొండులోకి వచ్చిందే అక్టోబర్ 9న, ఎవర్టన్ మ్యాచ్‌లో. ఐదో నిమిషం ప్రాంతంలో మధ్యలో బంతి పోగొట్టుకుంటే ఇవోబీ గోల్ కొట్టాడు. కాసేపటికి అతనే బంతి దొంగిలించి ముందుకి పంపిస్తే రొనాల్డో గోల్ కొట్టాడు, మ్యాచ్ 2-1. ఆ ఫిబ్రవరిలో లీగ్ కప్ ఫైనల్‌లో మొదటి గోల్ కాసెమీరోదే. 'ఈ మే' 9. రెండో సీజన్‌లో 2024 మేలో క్రిస్టల్ ప్యాలెస్‌లో 4-0 ఓడినప్పుడు అతన్ని సెంటర్ బ్యాక్‌గా ఆడించారు, పక్క నుంచి దాటిపోతుంటే తిరగలేకపోయాడు. 2025లో మళ్ళీ కొంత పుంజుకున్నాడు, అది అతని గొప్ప, కానీ 30 ఏళ్ళకి అంత జీతంతో నాలుగేళ్ళ కాంట్రాక్ట్ అంటే 'నాలుగో మే' గడిలో 3 వెయ్యడానికి ఆ ప్యాలెస్ మ్యాచ్ దాకా ఆగక్కర్లేదు. ఎరిక్సన్? ఫ్రీ, చెప్పినంత ఆడాడు, కాంట్రాక్ట్ ముగిశాక 2025లో వెళ్ళిపోయాడు. అతని మీద ఎవరూ వాదించరు, నిజానికి నలుగురిలో లెక్క సరిగ్గా కుదిరిన సైనింగ్ అదే.

ఇంకో మెలిక ఉంది. నలుగురిలో ఇద్దరిని తెచ్చింది కోచ్‌కి తెలుసు కాబట్టి. ఆ టెన్ హాగ్‌ని 2024 అక్టోబర్‌లో తీసేశారు. 'కోచ్ మనిషి' అయితే ఈ సీజన్‌కి ఒక మార్కు కలపండి, నాలుగో ఏడాదికి ఒకటి తియ్యండి. కోచ్‌లు అంత కాలం ఉండరు.

మన ఐఎస్‌ఎల్‌కి ఇదే పద్ధతా?

సగమే. ఐఎస్‌ఎల్ అంటే మన ఇండియన్ సూపర్ లీగ్. ఇక్కడ విదేశీ ప్లేయర్లు ఎక్కువగా ఏడాది, రెండేళ్ళ కాంట్రాక్ట్‌లకి వస్తారు, 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురికే చోటు. అంచేత విదేశీయుడికి 'ఈ మే' గడి ఒక్కటే చాలు, మన కుర్రాళ్ళకి రెండోది ముఖ్యం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇది చక్కగా కుదిరించింది. ముందు విదేశీ స్ట్రైకర్ ఒగ్బెచే, 37 ఏళ్ళు, 18 గోల్స్, గోల్డెన్ బూట్. వెనక లెఫ్ట్ బ్యాక్‌లో 2020లో 18 ఏళ్ళకి వచ్చిన ఆకాశ్ మిశ్రా. ఒకడు ఆ మార్చికి, ఒకడు రాబోయే ఐదు మార్చిలకి. గోవాలో ఫైనల్‌లో కేరళ మీద పెనాల్టీల్లో గోల్ కీపర్ కట్టిమణి మూడు ఆపితే కప్ వచ్చింది. కానీ మన దేశంలో మూడో గడి ఒకటి గీసుకోవాలి: క్లబ్ ఉంటుందా? 2023 వేసవికి మిశ్రా ముంబై వెళ్ళిపోయాడు, ఆ సీజన్‌లోనే జీతాల గొడవలతో చాలామంది సర్దుకున్నారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. తెలుగువాళ్ళకి ఐఎస్‌ఎల్‌లో ఉన్న ఒక్క జట్టూ అలా పోయింది, ఆ కడుపుమంట ఇంకా ఉంది, సరే.

వైజాగ్‌లో వీకెండ్ టీమ్ నడిపేవాళ్ళకీ ఈ గళ్ళు పనికొస్తాయి, నవ్వకండి. సెవెన్స్ (ఏడుగురేసి ఆడే) టోర్నమెంట్‌కి ఇద్దరు దొరికారనుకోండి. ఒకడు నేవీలో పనిచేసే స్ట్రైకర్, రోజూ పరిగెత్తే ఒళ్ళు, ఏ టర్ఫ్ మీదికి దింపినా మొదటి మ్యాచ్ నుంచే గోల్స్. కానీ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తే కొచ్చికో ముంబైకో పోతాడు, సెయిలింగ్ ఉంటే సెమీ ఫైనల్ రోజునే ఉండడు. రెండోవాడు జాలారిపేట ఇసకలో ఒట్టి కాళ్ళతో ఆడి పెరిగిన ఇంటర్ కుర్రాడు, బంతి కాలికి అతుక్కుని ఉంటుంది, షూ వేస్తే మాత్రం ఇంకా తడబడతాడు, మార్చిలో పరీక్షలు, ఆపైన ఈఏపీసెట్ కోచింగ్. ఈ టోర్నమెంట్ గెలవాలంటే నేవీ ఆయన్ని దింపండి, కుర్రాణ్ణి ప్రతి మ్యాచ్‌లో చివరి పది నిమిషాలు ఆడించండి, నేవీ ఆయన పక్కనే. అతనికి పోస్టింగ్ వచ్చేనాటికి కుర్రాడికి షూ అలవాటైపోయి ఉంటుంది. షూ మీరే కొనిపెట్టాలి.

నోట్ మళ్ళీ ఎప్పుడు తెరవాలి

ప్రతి సోమవారం తెరిస్తే టెన్షనే తప్ప ఉపయోగం లేదు. మొదటిసారి 900 నిమిషాలు ఆడాక తెరవండి, అంటే పది పూర్తి మ్యాచ్‌లు. అప్పుడు 'ఈ మే' మార్కు మాత్రమే మార్చే హక్కు మీకుంది, రెండో గడిని ముట్టుకోకండి, ఒక పెద్ద గాయం అయితే తప్ప. స్ట్రైకర్ తియెరీ ఆంరీ (హెన్రీ) 1999లో యువెంటస్ నుంచి ఆర్సెనల్‌కి వచ్చి మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ కొట్టలేదు, సీజన్ ముగిసేసరికి అన్నీ కలిపి 26. రెండోసారి సీజన్ అయ్యాక. ఇక మూడోసారి, కాంట్రాక్ట్‌లో రెండేళ్ళు మిగిలినప్పుడు. కొత్త కాంట్రాక్ట్ ఇవ్వాలా, మంచి ధర ఉండగానే అమ్మెయ్యాలా అని క్లబ్ కూర్చుని తేల్చుకునేది అప్పుడే, ఏడాదే మిగిలితే బేరం చేతిలో ఉండదు, ఆర్నెల్లు మిగిలితే వేరే దేశం క్లబ్‌తో ఫ్రీగా మాట్లాడుకోవచ్చు. ఆ రోజు క్లబ్ ఏం చేసిందో మీ రెండో గడి మార్కు పక్కన రాసిపెట్టండి. 8 వేసినవాడిని క్లబ్ చడీచప్పుడు లేకుండా అమ్మేస్తుంటే ట్రైనింగ్ గ్రౌండ్‌లో వాళ్ళకి కనపడేదేదో మీకు టీవీలో కనపడట్లేదని అర్థం, ఎక్కువగా అది మోకాలే అయ్యుంటుంది.